పన్నెండో పొగ

సెరదేలా బడిలో భూగోళం చెప్పిన ముప్పై ఒక్క సంవత్సరాలూ మొదటి పాఠం నేను గదిలో చెప్పలేదు. చలి ముదిరిన ఒక పొద్దున పిల్లల్ని చర్చి ముందున్న రాతిగోడ దగ్గరికి తీసుకుపోయి వరసగా నిలబెట్టేవాణ్ణి. అక్కడి నుంచి మా పారిష్ మొత్తం కనిపిస్తుంది. చర్చి చుట్టూ ఒక పల్లె, కింద వాగు ఒడ్డున మిల్లు పల్లె, వాగుకు అవతల ఎండ పడే వాలులో ఇంకొకటి, అన్నిటికంటే ఎత్తున కొండ నడుముకు అతుక్కుని పేనా. నాలుగు పల్లెలు, రెండు వాగులు, ఒక చర్చి, ఒక శ్మశానం. "పొగలు లెక్కపెట్టండి" అనేవాణ్ణి. ఒక పొగ అంటే ఒక పొయ్యి. ఒక పొయ్యి అంటే ఒక ఇల్లు. పొగ లేని చోట మనుషులు లేరు. జనాభా లెక్క అంటే అంతే. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పిల్లలు నలభై ఒకటి లెక్కపెట్టారు. బడి మూసేసిన ఏడాది మిగిలిన ముగ్గురు పిల్లలూ పంతొమ్మిది దగ్గర ఆగి, ఇంకా ఉన్నాయేమోనని నా ముఖం వైపు చూశారు.

ఇప్పుడు చెప్పేది ఆ తర్వాత చాలా కాలానికి, నా భార్య సబేలా పోయిన రెండో ఏట, చెస్ట్‌నట్ కాయలు రాలే రోజుల్లో జరిగింది.

పారిష్ తరఫున కాగితాలు అందుకుని సంతకాలు పెట్టే పని బడి మూతపడ్డాక కూడా నా మీదే ఉండిపోయింది. సెప్టెంబరు ఆఖరున కింది టౌను నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మనుషులున్న ఇళ్ళు పన్నెండు కంటే తక్కువైతే, ఆ పారిష్‌కు నర్సు వారం వారం వచ్చే ఏర్పాటు కొత్త సంవత్సరం నుంచి ఆగిపోతుందట. నవంబరు పదిహేనున ఆఫీసు మనిషి వచ్చి, చూసి, లెక్క రాసుకుంటారట. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని బల్బీనా ఇంటికి వెళ్ళాను.

బల్బీనా మా ఇంటికి రెండు ఇళ్ళ కింద ఉంటుంది. అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆమె అన్న దెల్మీరోకు మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మడమ మీద పుండు మానలేదు. ప్రతి మంగళవారం నర్సు వచ్చి దానికి కట్టు మార్చి, మందులు చూసి, ఇద్దరినీ కాసేపు నవ్వించి పోయేది. మిగతా ఆరు రోజులూ అతను వంటింటి కిటికీ పక్క కుర్చీలో కూచుని పారిష్‌ను కాపలా కాసేవాడు.

"చదవండి మాస్టారూ. అంతలా గొంతు సవరించుకుంటున్నారంటే మంచి కబురు కాదన్నమాట" అంది బల్బీనా.

చదివాను. ఆమె చేతిలోని గరిటె కుండ మీదే ఆగిపోయింది.

"ఇప్పుడెన్నున్నాయి మనయి?"

దెల్మీరో కిటికీ నుంచి తల తిప్పకుండానే కుడిచెయ్యి ఎత్తి అయిదు వేళ్ళు చూపించాడు. దించి మళ్ళీ రెండు చూపించాడు.

"ఎనిమిది" అన్నాను. "మా ఇల్లు మర్చిపోయావు."

"నీ ఇంట్లో పొగేదీ?" అన్నాడు. జబ్బు అతని నాలుకను మందగింపజేసింది గాని మొండి చెయ్యలేకపోయింది. "పొద్దస్తమానం చూస్తన్నా గదా."

"నిజమేగా. మీ పొయ్యిలో పిల్లి లేచి రెండేళ్ళయింది మాస్టారూ. ఆ కరెంటు స్టవ్వు మీద నీళ్ళు కాచుకుని బతుకుతా మీదీ ఒక ఇల్లంటారా" అంటూనే బల్బీనా నాకో గిన్నెలో కాబేజీ ఆకుల చారు పోసింది.

తిన్నాను. చివరికి బల్బీనాయే అంది.

"ఆ అమ్మాయి రాకపోతే పుండు నేను కట్టలేను. ఇరవై రెండు కిలోమీటర్లు ఈయన్ని ఎవరు మోస్తారు? టౌన్లో ముసలోళ్ళ ఆశ్రమానికి పంపడమే."

"ఆ కిటికీల్లేని కొంపకా?" అన్నాడు దెల్మీరో.

"ఉన్నాయిలే కిటికీలు. నేను చూశా."

"ఏం కనపడతయ్యి వాటిల్లోంచి? కార్లు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మాస్టారూ, ఎట్టాగో చెప్పి చూడు. ఎల్లకాలం రమ్మనట్లా. నేను పొయ్యేదాకా రమ్మను చాలు. ఎక్కువ రోజులు తిప్పన్లే."

"నోరుముయ్యి" అంది చెల్లెలు. కాని అతని భుజం మీద శాలువా సరిచేసింది.

మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేశాను. రెండు మూడు చోట్లకు తిప్పి, చివరికి ఒక ఆడగొంతు పలికింది.

"అమారో మాస్టారేనా? నేను శియానాని మాస్టారూ. మిల్లు పల్లెలో కమ్మరోళ్ళ మనవరాల్ని."

గుర్తుంది. పదేళ్ళప్పుడు వాళ్ళమ్మతో టౌనుకు వెళ్ళిపోయింది. గోడ దగ్గర నిలబెడితే ప్రతిసారీ వాళ్ళ నాయనమ్మ ఒలాలియా ఇంటి నుంచే లెక్క మొదలుపెట్టేది. ఆ నాయనమ్మ పోయి తొమ్మిదేళ్ళు.

"అమ్మా, ఇక్కడ ఎనిమిదిళ్ళే..." అని మొదలుపెట్టాను.

"మీరు చెప్పకండి మాస్టారూ" అంది వెంటనే. "మీరు చెబితే నేను విన్నట్టవుతుంది. నేను చూసింది మాత్రమే రాయాలి." కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "పదిహేనో తారీకని రాశారుగా, నాకు కుదరదు. రెండో తారీకు వస్తాను. పొద్దున తొమ్మిదింటికి, చర్చి గోడ దగ్గర."

సరేనన్నాను. తారీకు సంగతి నేను ఆలోచించలేదు.

అక్టోబరంతా కాయలు రాలాయి. ఏరేవాళ్ళు లేక దారి మీదే ముళ్ళ తొక్కలు విచ్చుకుని పడి ఉండేవి. నేను దారి పక్క చెట్ల కింద మాత్రమే ఏరేవాణ్ణి. మా దొడ్డి వెనక పెద్ద చెట్టు కిందికి వెళ్ళేవాణ్ణి కాదు. సబేలా ఆ రోజు బుట్ట పక్కన పెట్టుకుని దాని మొదట్లోనే కూలబడింది. అలసిపోయి కూచుందనుకున్నాను. పిలిచాను కూడా.

మంగళవారాలు నర్సు వస్తూనే ఉంది. ఆమెకూ తెలుసు. ఒకరోజు కట్టు మారుస్తూ, "పన్నెండంటే ఇంకో నాలుగిళ్ళేగా దెల్మీరో గారూ. మీరు నాలుగు పెళ్ళిళ్ళు చేసుకుంటే సరిపోతుంది, తలా ఒక ఇల్లు" అంది.

"ముందు నువ్వొప్పుకో. మిగతా ముగ్గుర్నీ చూసుకుందాం" అన్నాడు దెల్మీరో. ఆ రోజంతా అతను హుషారుగా ఉన్నాడు.

నవంబరు ఒకటిన, పోయినవాళ్ళ పండగనాడు, సమాధుల దగ్గరికి వెళ్ళాం. సబేలా రాయి మీది నాచు గీకి, చామంతులు పెట్టాను. మధ్యాహ్నం బల్బీనా నా తలుపు తట్టింది. ఒక చేతిలో పుల్లలూ దేవదారు కాయలూ నింపిన బుట్ట, రెండో చేతిలో తాళంచెవుల గుత్తి.

"మోకాళ్ళు లేవట్లా మాస్టారూ. బుట్ట కాస్త మొయ్యండి."

ఆ రాత్రి పోయినవాళ్ళంతా ఎవరి ఇంటికి వాళ్ళు చలి కాచుకోవడానికి వస్తారని మా వాళ్ళ నమ్మకం. అందుకని ఎవరూ పొయ్యి ఆర్పరు. పడుకోబోయే ముందు ఒక లావు దుంగ వేసి, పక్కన ఓ రొట్టె ముక్క పెట్టి వదిలేస్తారు. ఊరు విడిచిపోయినవాళ్ళు తాళాలు బల్బీనాకిచ్చి పోయారు. పైకప్పు నిలిచి ఉన్న ఖాళీ ఇళ్ళు నాలుగు. ఏడాదికోసారి, ఆ ఒక్క రాత్రికీ, ఆ నాలుగింట్లో పొయ్యి వెలిగించడం ఆమె పని. ఎవరూ అప్పజెప్పలేదు. కాలేజీలో చదువుకున్నవాణ్ణి కదా, అంతకుముందు నేనీ సంగతి విని నవ్వి ఊరుకునేవాణ్ణి. సబేలా నవ్వేది కాదు.

పేనా నుంచి దిగుతూ మూడిళ్ళు పూర్తిచేసి, చివరికి మిల్లు పల్లెలో కమ్మరి ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తలుపు ఉబ్బి బిగుసుకుపోతే భుజంతో నెట్టాను. లోపల తడి గోడల వాసన. బల్బీనా పుల్లలు పేర్చి, వెలిగించి, మంట నిలబడ్డాక ఓక్ దుంగ ఎత్తి పెట్టమంది. పెట్టాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని పొయ్యి పక్కనున్న ఖాళీ బల్ల వైపు తిరిగి మాట్లాడింది.

"ఇదిగో ఒలాలియా, లావు దుంగే పెట్టించా. తెల్లారి పొద్దెక్కిందాకా ఉంటది. నిరుడు సన్నది పెట్టానని కల్లోకొచ్చి మరీ తిట్టావు. ఈసారి నోరెత్తబాక."

తిరిగి వచ్చేప్పుడు మా గుమ్మం దగ్గర ఆగింది.

"మీరూ వెలిగించండి మాస్టారూ. ఆమె చలికి ఓర్చుకోలేదు గదా."

"నాకు అలవాటు పోయిందక్కా."

"అలవాటేంది, అగ్గిపుల్ల గియ్యడానికి?" అంటూ నన్ను తోసుకుని వంటింట్లోకి వచ్చేసింది. పొయ్యి ముందు అడ్డంగా నిలబెట్టిన రేకు పక్కకు లాగింది.

మోకాలెత్తు రాతి అరుగు మీద పొయ్యి పేర్చి ఉంది. అడుగున నలిపిన పేపరు, దాని మీద దేవదారు కాయలు, పైన అడ్డంగా నిలువుగా సన్నపుల్లలు, ఆ పైన చీల్చిన చెస్ట్‌నట్ కట్టెలు మూడు. అన్నిటి మీదా సన్నగా దుమ్ము. బల్బీనా చాలాసేపు చూసింది. పుల్లలు అలా జడలా అల్లినట్టు పేర్చేది మా పారిష్‌లో ఒక్కరే.

"ఎప్పటిది?" అంది.

"ఆ పొద్దుటిది. కాయలు ఏరుకొచ్చాక వెలిగిద్దామని పేర్చి వెళ్ళింది."

ఆమె రేకును ఎక్కడ ఉందో అక్కడే, చప్పుడు కాకుండా నిలబెట్టింది. "చారు పంపిస్తా. వేడి చేసుకుని తినండి" అని వెళ్ళిపోయింది. రెండేళ్ళలో నాకు ఎంతోమంది ఎన్నో ఓదార్పు మాటలు చెప్పారు. ఆ సాయంత్రం ఆమె చెప్పకుండా వదిలేసిన మాట నాకు ఎక్కువగా గుర్తుంది.

మర్నాడు తొమ్మిదికి చర్చి గోడ దగ్గర ఉన్నాను. గాలి లేదు. మంచు పల్లెల కిందికి దిగిపోయి వాగుల మీద పరుచుకుని ఉంది. శియానా కారు దిగి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు, మెడకు ఆకుపచ్చ మఫ్లర్, చేతిలో అట్టకు బిగించిన కాగితం. నా చెయ్యి పట్టుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది.

"గోడ పొట్టిదైపోయింది మాస్టారూ."

"నువ్వు పొడుగయ్యావు."

"అప్పుడు మునివేళ్ళ మీద నిలబడితే గాని పేనా కనిపించేది కాదు" అంటూ కాగితం గోడ మీద పెట్టింది. "ఇందులో మనుషులున్న గుర్తులని ఒక వరస ఉంది. పొగ, దీపం, పశువు, ఆరేసిన బట్టలు. వీటిలో ఒకటి కనిపించినా చాలు, గీత పెట్టమన్నారు. ఇంటింటికీ తిరగమనలేదు. సరే, మీరు నేర్పినట్టే మొదలుపెడతాను."

తల తిప్పి మిల్లు పల్లె వైపు చూసింది.

ఆ లెక్క అప్పటిదాకా నాకు తట్టలేదంటే మీరు నమ్మకపోవచ్చు. నిజంగా తట్టలేదు. కమ్మరి ఇంటి పొగగొట్టం లోంచి తెల్లటి పొగ నిటారుగా లేచి, మంచు పైకి వచ్చి, అక్కడ కాస్త వంగింది.

శియానా కదలలేదు. నేను గోడ మీది నాచును చూస్తూ నిలబడ్డాను. చెప్పాలి. సంతకం నాది. ఆ పిల్లకు చిన్నప్పుడు అబద్ధం ఆడొద్దని చెప్పిందీ నేనే. కుర్చీలో దెల్మీరో ఈ గోడ వైపే చూస్తుంటాడని కూడా తెలుసు.

"అది మా నాయనమ్మ ఇల్లు" అంది.

"అవునమ్మా."

"బల్బీనమ్మమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నొప్పులే. నిన్న బుట్ట నేనే మోశాను."

తల ఊపింది. కళ్ళజోడు తీసి మఫ్లర్ కొసతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తర్వాత కాగితం మీద గీత పెట్టింది. "ఒకటి" అంది, బడిపిల్లలా పైకి.

అక్కడి నుంచి వాగు దాటి, వాలు ఎక్కి, పేనాకు పోయి, చర్చి చుట్టూ తిరిగి వచ్చింది ఆమె చూపు. ఒక్కో పొగకూ ఒక్కో గీత. బల్బీనా ఇంటి దగ్గర పది. ఫాదర్ పాత బంగళాలో ఉండే చెప్పులు కుట్టే మనిషి దగ్గర పదకొండు. పెన్ను ఆగిపోయింది.

"ఇంకొకటి కావాలి" అంది.

"మా ఇల్లుందిగా."

"చూస్తున్నాను మాస్టారూ. పొగ లేదు."

"నేనిక్కడ నిలబడి ఉన్నాను కదమ్మా. అది గుర్తు కాదా?"

కాగితం నా వైపు తిప్పింది. "మనిషికి గడి లేదు మాస్టారూ. పొగ, దీపం, పశువు, బట్టలు. పైగా సాక్షి సంతకం మీది. మీ ఇల్లు మీ మాట మీద రాయకూడదు." ఆమె గొంతు తగ్గింది. "మీకు పశువుల్లేవు. ఈ వెలుతురులో దీపం కనపడదు. బట్టలు లోపలే ఆరేసుకుంటున్నట్టున్నారు. ఎన్నాళ్ళ నుంచి పొయ్యి వెలగట్లేదు?"

పొగ లేని చోట మనుషులు లేరని ఆ గోడ దగ్గరే ముప్పై ఒక్క సంవత్సరాలు చెప్పినవాణ్ణి.

"నాకు తొందరేం లేదు" అంది శియానా. గోడ ఎక్కి కూచుంది, చిన్నప్పటిలాగే. "మిల్లు పల్లె చూస్తూ కూచుంటాను."

చర్చి నుంచి మా ఇంటికి నూటయాభై అడుగులు. దారిలో బల్బీనా కిటికీ దాటాలి. దెల్మీరో లోపలి నుంచి చెయ్యి ఎత్తాడు. ఎన్నని అడుగుతున్నాడో, పలకరిస్తున్నాడో తెలియలేదు. నేనూ చెయ్యి ఎత్తాను.

వంటింట్లో రేకు తీసి పక్కన పెట్టాను. పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూచున్నాను. దగ్గర నుంచి చూస్తే అడుగున నలిపిన పేపరులో గళ్ళనుడికట్టు కనిపించింది. సగం గళ్ళు నింపి ఉన్నాయి, నా చేతిరాతే. ఆ పొద్దున నేను విసుగొచ్చి వదిలేస్తే, "అయిపోయిందా నీ పాండిత్యం?" అని సబేలా లాక్కుంది. దాన్నే పొయ్యిలో పెట్టిందని అప్పుడు తెలిసింది.

ఆ కాయితాన్ని బయటికి తీయొచ్చు. దాని బదులు ఇంకొకటి పెట్టొచ్చు. ఆ ఆలోచనతో కొంతసేపు కూచున్నాను. తీస్తే పుల్లలు కూలిపోతాయి. ఆమె పేర్చినట్టు పేర్చడం నాకు రాదు.

రెండేళ్ళు చల్లబడి ఉన్న పొగగొట్టం ఒక్కసారిగా పొగ లాగదు. సబేలా ముందు ఒక కాగితం అంటించి గొట్టం నోట్లో పెట్టేది, గాలి పైకి నడిచేదాకా. నా జేబులో ఆఫీసు ఉత్తరం ఉంది. దాన్నే అంటించి పైకి పట్టుకున్నాను. మొదట పొగ నా ముఖం మీదికే వచ్చింది. తర్వాత, పైన ఎవరో తలుపు తీసినట్టు, గాలి కదిలింది. అప్పుడు ఇంకో అగ్గిపుల్ల గీసి పేపరుకు ముట్టించాను.

దేవదారు కాయలు ముందుగా అంటుకున్నాయి. ఎప్పుడూ అవే ముందు అంటుకుంటాయనేది ఆమె. రెండేళ్ళు ఎండిన పుల్లలు కాబట్టి క్షణంలో అయిపోయింది. ఆ అల్లిక ఎర్రగా కాసేపు అలాగే నిలబడింది, ఏ పుల్ల ఎక్కడ ఉందో అక్కడే, తర్వాత లోపలికి కూలింది. పైనున్న మూడు కట్టెలూ అందుకున్నాయి.

నేను గోడ దగ్గరికి తిరిగి వెళ్ళేసరికి శియానా కాగితం మీద సంఖ్య వేసి, గోడ దిగి, నాకోసం పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. సంతకం పెట్టాను. చెయ్యి మసిగా ఉండి కాగితం మూల వేలిముద్ర పడింది.

"పరవాలేదు మాస్టారూ" అంది. "అది కూడా గుర్తే."

వెళ్ళేముందు మిల్లు పల్లెలో కారు ఆపింది. పైనుంచి చూశాను. కమ్మరి ఇంటి తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు.

కొత్త సంవత్సరంలోనూ నర్సు మంగళవారాలు వచ్చింది. దెల్మీరో ఫిబ్రవరిలో పోయాడు, మంచు కురిసి దారి మూసుకుపోయిన వారంలో, తన కుర్చీలోనే. మాట ఇచ్చినట్టు ఎక్కువ రోజులు తిప్పలేదు. ఆ పొద్దున నేను వెళ్ళేసరికి బల్బీనా అతని ముఖాన్ని కిటికీ వైపే ఉంచింది. "మీ ఇంటి పొగ చూశాకే కళ్ళు మూశాడు మాస్టారూ. 'లేచాడు పంతులు' అన్నాడు. అంతే" అంది. రోజూ పొద్దున అతను మొట్టమొదట చూసేది నా పొగగొట్టమేనని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ లెక్క మరుసటి ఏడాదికి చెల్లలేదు. ఇంకొకరు వచ్చారు, వేసవిలో వచ్చారు, ఇంటింటికీ తిరిగారు. ఇప్పుడు నర్సు రాదు. బల్బీనా తాళంచెవుల గుత్తి నా దగ్గర ఉంది. నవంబరు ఒకటిన బుట్ట నేనే నింపుకుని, నేనే ఎక్కి దిగుతాను. ఒలాలియాకు లావు దుంగ పెడతాను.

శియానా రాసిన కాగితం నకలు సొరుగులో ఉంది. సెరదేలా పారిష్, మనుషులున్న ఇళ్ళు పన్నెండు. అందులో ఏడు బతికున్నవాళ్ళవి. నాలుగు పోయినవాళ్ళవి. పన్నెండోది ఎటువైపు లెక్కో నాకు ఇప్పటికీ తేలలేదు. పేర్చింది సబేలా. వెలిగించింది నేను.